రెండవ ఓడ

వ్యాపారి పెద్ద బేరము కుదుర్చుకొనునపుడు సరుకు చూచును, ధర విచారించును, ఒక రాత్రి ఆలోచించి మరునాడు మాట యిచ్చును. ఆ వ్యాపారియే సభలో చేయి యెత్తవలసి వచ్చినపుడు గడియలో నిశ్చయించును. కారణము స్పష్టమే. బేరము చెడినచో నష్టము తన చిట్టాలో కనబడును; సభ తీర్పు చెడినచో నష్టము అందరిమీద పడును, తన వంతు కంటికి ఆనదు.

గ్రీసుదేశమున ఏథెన్సు చరిత్రలో దీనికి తగిన ఉదాహరణ కలదు. క్రీ.పూ. 428లో మిటిలీనీ నగరము ఏథెన్సుపై తిరుగబడి, మరుసటి యేట లొంగిపోయెను. పౌరసభ కోపావేశమున, అచ్చటి వయసువచ్చిన పురుషుల నందరిని చంపవలెననియు, స్త్రీలను, పిల్లలను బానిసలుగా చేయవలెననియు తీర్మానించి, ఆ యాజ్ఞతో ఓడను పంపెను. తెల్లవారుసరికి కోపము చల్లారెను. దోషులతోబాటు ఊరంతటిని చంపుట యేమి న్యాయమని జనులకు తోచెను. సభ మరల కూడెను.

నిన్నటి తీర్మానము మార్చరాదని క్లియాన్ పట్టుపట్టెను. ఎదురు నిలిచిన డయొడొటస్ దయను గూర్చి అడుగలేదు, లెక్క చూపెను. లొంగినను చావు తప్పదని తెలిసినచో ఇకమీద ఏ నగరము లొంగును? కడవరకు పోరును, ముట్టడి ఖర్చు మనది, చేతికి వచ్చునది పాడుపడిన ఊరు, దానినుండి కప్పము రాదు. ఈ వాదము వర్తకులకు వేరుగ విప్పి చెప్పనక్కరలేదు. చేతులెత్తగా ఇరుపక్షములు ఇంచుమించు సమానమై, డయొడొటస్ పక్షము కొద్దిలో నెగ్గెను.

రెండవ ఓడ బయలుదేరునప్పటికి మొదటిది సుమారు ఒక పగలు, ఒక రాత్రి ముందున్నది. తెడ్డు వేయువారు ద్రాక్షసారాయి, నూనె కలిపిన యవలపిండిని తెడ్డు విడువకయే తినుచు, వంతులవారీగా నిద్రించుచు సాగిరి. సేనాని మొదటి యాజ్ఞను చదివి అమలుజరుపబోవు సమయమున వారు రేవు చేరిరి. అయినను తిరుగుబాటుకు ముఖ్యులైనవారిని చంపిరి. చరిత్రకారుడు థ్యుసిడైడీస్ చెప్పిన లెక్క వేయికి పైమాట. దీనిని దయ యనుట తగదు.

క్రీ.పూ. 406లో ఈపాటి వ్యవధియు దొరకలేదు. ఆర్గినూసే సముద్రయుద్ధము గెలిచిన సేనానులలో ఆరుగురిని, మునిగిన నావికులను రక్షింపలేదని, వేరువేరుగా విచారింపక ఒక్క ఓటుతో చంపిరి. చట్టవిరుద్ధమైన తీర్మానమును వ్యాజ్యమున ఎదిరించు హక్కు అప్పటికే కలదు. దానిని వాడబోయిన వారిని గుంపు బెదిరించి నోరు మూయించెను. సోక్రటీసు ఒప్పుకొనకున్నను ఓటింగు జరిగెను. పిదప జనులు పశ్చాత్తాపపడిరి.

హక్కు కాగితముపై నున్నంత మాత్రమున చాలదని తేలినది. తరువాతి శతాబ్దమున శాశ్వత చట్టములను మార్చు పనిని పౌరసభ ఒక్కపూట కేకలకు వదలక, ప్రమాణము చేసిన న్యాయనిర్ణేతల మండలికి అప్పగించిరి. మార్పు కోరినవాడు ముందుగా దానిని వ్రాసి బహిరంగముగా ప్రకటింపవలెను. పాత చట్టము పక్షమున మాటలాడుటకు కొందరిని సభయే ఎన్నుకొనెడిది. వారు మాటలాడిన పిమ్మటనే ఓటు.