సోలార్ కరెంటు సరిపడా ఉన్నా మోటారు ఎందుకు కాలింది?

పై వీడియోలో నల్లగా మాడిపోయిన వైండింగ్ చూశారు కదా, అది మా బావి మోటారుదే. ఆ నష్టం మీకు రాకూడదనే ఈ పాఠం.

మా తోటకు కరెంటు లైను లేదు. ప్యానెళ్లు, బ్యాటరీలు, 3 కేవీఏ ఇన్వర్టర్ పెట్టుకుని మా కరెంటు మేమే తయారు చేసుకుంటున్నాం. పాకలో లైట్లు, జీవామృతం కలిపే చిన్న మోటారు, బావి మీద 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, అన్నీ దాని మీదే. నడి ఎండాకాలంలో బావి మోటారు కాలింది. రీవైండింగ్ చేయించి బిగిస్తే నెల తిరక్కుండా మళ్లీ కాలింది. ఈలోగా టమాటా నారుమడి ఎండిపోయింది. ప్యానెళ్లు చాల్లేదేమో అనుకుని ఇంకో రెండు కొనబోయాను. అసలు లోపం అక్కడ లేదు.

చెరువు వేరు, కుంట వేరు

ఊరి లైను పెద్ద చెరువు లాంటిది. గేదె దిగినా నీళ్లు కదలవు. మన సోలార్ చిన్న కుంట. అదే గేదె దిగితే అడుగు దాకా కలకబారుతుంది. అందుకే కరెంటు ఎంత ఉందన్నదే కాదు, ఎలా ఉందో కూడా చూడాలి. వోల్టేజీ 230 దగ్గర నిలవాలి, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ ఉండాలి, కరెంటు అల నున్నగా ఉండాలి.

మా దగ్గర జరిగింది ఇదీ

1. స్టార్టింగ్ దెబ్బ: ఈ మోటారు నడిచేటప్పుడు 5 ఆంపియర్ల పైన తీసుకుంటుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు, అంటే 30 దాకా లాగుతుంది. 3 కేవీఏ ఇన్వర్టర్ నిలకడగా ఇచ్చేది 13 ఆంపియర్లే.

2. సన్న వైరు: బావి 100 మీటర్ల దూరం. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేశాను. రానుపోను దాని నిరోధం 1.4 ఓమ్‌లు. 30 ఆంపియర్ల దగ్గర వైరులోనే 42 వోల్టులు పోతాయి. వోల్టేజీ 20 శాతం తగ్గితే మోటారు తిప్పే బలం 64 శాతానికి పడిపోతుంది. మోటారు తిరగలేక మూలుగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది.

3. గరుకు అల: చవగ్గా వస్తోందని స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కొన్నాను. దాని అల మెట్లు మెట్లుగా ఉంటుంది. అందులోని అదనపు అలలను హార్మోనిక్స్ అంటారు. అవి మోటారు పనికి అక్కరకు రావు, వేడిగా మారతాయి. పైగా ఇలాంటి అల మీద మామూలు మీటరు తప్పు చూపిస్తుంది. ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు కావాలి.

ఇప్పుడేం మార్చాను

* ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ పెట్టాను. కొనేముందు స్టార్టింగ్ లోడు ఎన్ని సెకన్లు ఆపుతుందో అడిగాను.
* 6 స్క్వేర్ ఎంఎం వైరు వేశాను. 42 వోల్టుల నష్టం 18 లోపుకు వచ్చింది.
* రెండు మోటార్లు ఒకేసారి వేయను. ఎండ బాగున్నప్పుడు బావిది, అది ఆపాకే జీవామృతానిది.
* లో వోల్టేజీ వస్తే ఆపేసే కటాఫ్ పెట్టాను.

కొత్తగా మోటారు కొనేవాళ్లు త్రీ ఫేజ్ మోటారు, దానికి తగిన వీఎఫ్‌డీ తీసుకుంటే ఇంకా మేలు. అది వేగాన్ని మెల్లగా పెంచుతుంది కాబట్టి స్టార్టింగ్ దెబ్బ ఉండదు. సింగిల్ ఫేజ్ కెపాసిటర్ మోటారుకు మాత్రం మామూలు వీఎఫ్‌డీ తగిలించకండి.

మీరు చేయాల్సిన పరీక్ష

వోల్టేజీ ఇన్వర్టర్ దగ్గర కాదు, మోటారు దగ్గర కొలిపించండి. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. మోటారు వేయకముందు, వేసిన క్షణంలో, నడుస్తున్నప్పుడు, మూడు లెక్కలూ రాసుకోండి. నడుస్తున్నప్పుడు 207 కన్నా తక్కువ ఉంటే మోటారు ఆపి కారణం వెతకండి.

ఆకు పసుపెక్కగానే మనం బస్తా ఎరువు కుమ్మరించం. వేరు దగ్గర తడి, గాలి ఎలా ఉన్నాయో చూస్తాం. కరెంటూ అంతే. ఇంకో ప్యానెల్ కొనేముందు ఉన్న కరెంటు మోటారు దాకా ఎలా చేరుతోందో చూడండి.