నోటిలోని ఊట

పొడుపు కథ విప్పండి

తవ్వని చెలమ. తోడని నీళ్ళు.
పగలంతా ఊరుతుంది. రాత్రి నిద్రలో తగ్గుతుంది.
ఏమిటది?

అది మన నోట్లో ఊరే ఉమ్మి. దీనినే లాలాజలం అని కూడా అంటారు.

ఉమ్మి అంటే మనకు చులకన. తుపుక్కున ఉమ్మేస్తాం. కాని ఈ ఊట ఎండిపోతే అన్నం ముద్ద మింగుడు పడదు. మాట పెగలదు. రుచి తెలియదు. పళ్ళు ఒకటి వెంట ఒకటి పుచ్చిపోతాయి.

ఉమ్మి చేసే పని

చెవుల ముందర, దవడ కింద, నాలుక కింద ఉమ్మి ఊరే గ్రంథులు ఉన్నాయి. పెద్దవాళ్ళకు రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుతుంది. మనకు తెలియకుండానే దానిని మింగుతూ ఉంటాం.

ఉమ్మి ముఖ్యంగా మూడు పనులు చేస్తుంది.

ఒకటి. పళ్ళ సందుల్లో ఇరుక్కున్న మెతుకును, తీపిని కడుగుతుంది.

రెండు. నోట్లో పుట్టే పులుపును విరిచేస్తుంది.

మూడు. పన్ను పోగొట్టుకున్న కాల్షియాన్ని, భాస్వరాన్ని తిరిగి పన్నుకు అందిస్తుంది.

అంటే ఉమ్మి పంటికి కాపలాదారు. పంటికి చిన్న చిన్న మరమ్మతులు చేసే మేస్త్రీ కూడా అదే.

పన్నును కరిగించే పులుపు

పన్ను పైన తెల్లటి గట్టి పొర ఉంటుంది. దానిని పింగాణి పొర అంటారు. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది అదే. ఎముక కూడా అంత గట్టిది కాదు.

అంత గట్టి పొరకు పులుపంటే భయం.

షాబాదు బండల మీద నిమ్మరసం ఒలికితే ఏమవుతుంది? నునుపు పోతుంది. తెల్లటి మచ్చ పడుతుంది. ఎంత తుడిచినా పోదు. పులుపు ఆ రాతిని కొంచెం తినేసింది. పన్ను రాయి కాదు. అయినా పులుపు పన్నును కూడా ఇలాగే కొంచెం కొంచెం తింటుంది.

పులుపును కొలవడానికి ఒక లెక్క ఉంది. శుభ్రమైన నీళ్ళకు 7. అంకె తగ్గిన కొద్దీ పులుపు ఎక్కువ. నిమ్మరసం 2, 3 మధ్య ఉంటుంది. నోట్లో ఈ అంకె సుమారు 5.5 కన్నా తగ్గితే పింగాణి పొర కరగడం మొదలవుతుంది.

పుల్లటివి తింటేనే నోరు పులుస్తుందా? కాదు. తీపి తిన్నా పులుస్తుంది. పళ్ళ మీది పాచిలో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న చక్కెరను అవి తింటాయి. తిని పులుపును వదులుతాయి. ఆ పులుపును విరచడానికి ఉమ్మికి అరగంటో, ఇంకా ఎక్కువ సేపో పడుతుంది. ఈ లోపల మళ్ళీ తీపి తింటే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

సాయమ్మ కథ

సాయమ్మకు యాభై రెండేళ్ళు. పొదుపు సంఘంలో సభ్యురాలు. ఆమెకు బి.పి. ఉంది. షుగరు కూడా ఉంది. రోజూ మాత్రలు వేసుకుంటుంది. ఏడాదిగా ఆమె నోరు పిడచకట్టుకుపోతున్నది. రొట్టె ముక్క మింగాలంటే నీళ్ళు తాగాలి. రాత్రిళ్ళు నాలుక అంగిలికి అతుక్కుపోతుంది.

నిరుడు ఆమె ముందు పన్ను పుచ్చితే సిమెంటు పెట్టించుకుంది. ఇప్పుడు ఆ సిమెంటు అంచు నల్లబడింది. పక్క పళ్ళు చిగుళ్ళ దగ్గర పుచ్చుతున్నాయి.

నోరు ఎండకుండా సాయమ్మ పగలంతా నిమ్మ బిళ్ళలు చప్పరించింది. పట్నం నుంచి పుక్కిలించే మందు సీసా తెప్పించింది. దానిని మౌత్‌వాష్ అంటారు. నోట్లో పోసుకుంటే అది భగ్గున మండేది. 'మండితేనే మందు పనిచేసినట్టు' అనుకుంది సాయమ్మ. రోజుకు నాలుగుసార్లు పుక్కిలించింది. నోరు ఇంకా ఎండింది.

ఒకరోజు విసిగిపోయింది.

"ఈ మాత్రలు మానేస్తా. ఈ పళ్ళన్నీ పీకించేస్తా. పీడా పోతుంది" అంది.

కోడలు పద్మ ఒప్పుకోలేదు. "అట్లా అనకు అత్తా. రేపు పెద్దాసుపత్రికి పోదాం. పళ్ళ డాక్టరమ్మకు చూపిద్దాం" అంది.

డాక్టరమ్మ సాయమ్మ నోరు చూసింది. సీసా చూసింది. బిళ్ళలు చూసింది.

"ఈ మందులో ఆల్కహాల్ ఉందమ్మా. అందుకే మండుతున్నది. ఎండిన నోటిని ఇది ఇంకా ఎండబెడుతుంది. ఈ బిళ్ళలో పులుపూ ఉంది, చక్కెరా ఉంది. మీ పళ్ళకూ మంచిది కాదు, షుగరుకూ మంచిది కాదు" అంది.

"మరి నోరు ఎందుకు ఎండుతున్నది డాక్టరమ్మా?"

"షుగరు పెరిగితే నోరు ఎండుతుంది. కొన్ని మాత్రల వల్ల కూడా ఎండుతుంది. బి.పి.కి, అలర్జీకి, మనోవేదనకు ఇచ్చే మాత్రల్లో కొన్ని ఉమ్మిని తగ్గిస్తాయి. మెడకు, దవడకు కాన్సర్ వచ్చి కరెంటు పెట్టించుకున్న వాళ్ళకు కూడా ఉమ్మి బాగా తగ్గిపోతుంది."

"అయితే మాత్రలు మానేస్తా."

"అంత పని చేయొద్దమ్మా! మాత్రలు మానేస్తే బి.పి. పెరుగుతుంది. పక్షవాతం రావచ్చు. గుండెకు దెబ్బ తగలవచ్చు. మాత్రలు రాసిన డాక్టరుగారికి నోరు ఎండుతున్నదని చెప్పండి. వీలుంటే ఆయనే మందు మారుస్తారు."

"పళ్ళు పీకించుకుని కట్టుడు పళ్ళు పెట్టించుకుంటే?"

డాక్టరమ్మ నవ్వింది. "కట్టుడు పళ్ళు నోట్లో నిలవాలన్నా ఉమ్మి కావాలమ్మా. తడి లేని నోట్లో అవి జారతాయి. చిగుళ్ళను ఒరుస్తాయి. పుళ్ళు పడతాయి. పళ్ళు పీకితే మీ నోరు ఎండటం తగ్గదు."

సాయమ్మ ఆలోచనలో పడింది. పద్మ మెల్లగా తన సంగతి అడిగింది. ఆమెకు మూడో నెల.

"నాకు రోజూ వాంతులవుతున్నాయి డాక్టరమ్మా. కంపు పోవాలని వెంటనే బ్రష్‌తో గట్టిగా తోముతున్నా. ఇప్పుడు పళ్ళు జివ్వుమంటున్నాయి."

"కడుపులోంచి వచ్చే నీళ్ళు నిమ్మరసం కన్నా పులుపమ్మా. ఆ పులుపుకు పంటి పై పొర మెత్తబడుతుంది. వెంటనే తోమితే అది గీసుకుపోతుంది. వాంతి కాగానే నీళ్ళతో బాగా పుక్కిలించు. అరగంట ఆగి మెత్తని బ్రష్‌తో తోముకో."

పుక్కిలించే మందులు అన్నీ ఒకటి కావు

సీసాలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. రంగు రంగుల నీళ్ళు, ఘాటైన వాసన. కాని ఒక్కోదాని పని ఒక్కో రకం.

ఆల్కహాల్ ఉన్నవి: నోరు చల్లగా, మంటగా అనిపిస్తుంది. నోరు ఎండేవారికి ఇవి పనికిరావు. పన్ను రంగులో ఉండే కొన్ని సిమెంట్లను ఆల్కహాల్ మెత్తబరుస్తుందని ప్రయోగశాలల్లో చూశారు.

క్లోర్‌హెక్సిడిన్ ఉన్నవి: చిగుళ్ళ వాపుకు డాక్టర్లు కొద్ది రోజులకు రాస్తారు. ఇది సూక్ష్మజీవులను బాగా అణుస్తుంది. కాని ఎక్కువ రోజులు వాడితే పళ్ళ మీద, సిమెంటు మీద, కట్టుడు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. టీ, కాఫీ తాగేవారికి ఇంకా ఎక్కువ. నోటి రుచి కూడా మారుతుంది. పేస్టుతో తోముకున్న వెంటనే దీనితో పుక్కిలిస్తే దీని బలం తగ్గుతుంది. అరగంట ఆగాలి.

ఫ్లోరైడ్ ఉన్నవి: ఇవి పన్నుకు గట్టిదనం ఇస్తాయి. నోరు ఎండేవారికి డాక్టర్లు వీటిని రాస్తారు. కాని మింగకూడదు. ఆరేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో కొన్ని ఊళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. అలాంటి ఊళ్ళవారు డాక్టరును అడగకుండా వీటిని వాడకూడదు.

పుల్లటి మందులు కూడా ఉంటాయి. గాజు పొడి కలిపి చేసే ఒక రకం సిమెంటు ఉంది. పులుపు తగిలితే అది గరుకవుతుంది. తడి లేక ఎండినా అది పగుళ్ళు తీస్తుంది. గరుకైన చోట పాచి పడుతుంది. పాచి పట్టిన చోట పన్ను మళ్ళీ పుచ్చుతుంది. సిమెంటు పెట్టించుకున్నాం కదా, ఇక భయం లేదు అనుకోకూడదు. సిమెంటుకు, పన్నుకు మధ్య ఉండే అంచును జాగ్రత్తగా చూసుకోవాలి.

ఏ సీసా కూడా బ్రష్ చేసే పని చేయదు. అంటుకున్న పాచి పుక్కిలిస్తే పోదు. తోమితేనే పోతుంది.

చేసిన ఉమ్మి

ఉమ్మి బాగా తగ్గిన వారి కోసం మందు కంపెనీలు ఉమ్మి లాంటి నీళ్ళు తయారు చేస్తున్నాయి. దీనిని కృత్రిమ లాలాజలం అంటారు. ఇందులో నీళ్ళు, జిగురు ఇచ్చే పదార్థం, కొన్ని లవణాలు ఉంటాయి. నోట్లో చిమ్ముకోవాలి, లేదా పూసుకోవాలి. కాసేపు తడిగా ఉంటుంది. మళ్ళీ ఎండుతుంది. అందుకే రోజుకు చాలాసార్లు వాడాలి.

వీటిలో కొన్ని పుల్లగా ఉంటాయి. పళ్ళు ఉన్నవారికి అవి మంచివి కావు. "పులుపు లేనిది రాయండి" అని డాక్టరును అడగాలి.

ఈ నీళ్ళకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. కొత్త రకం సిమెంటును ప్రయోగశాలలో ఇందులో నానబెడతారు. ఎన్నాళ్ళు గట్టిగా ఉంటుందో, ఎంత అరుగుతుందో చూస్తారు. ఆ పరీక్ష తరువాతే రోగుల నోట్లో పెడతారు.

ఖర్చు లేని ఉపాయాలు

సాయమ్మకు డాక్టరమ్మ చెప్పినవి ఇవి.

• ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా తినే సోడా, చిటికెడు ఉప్పు కలపాలి. రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. మింగకూడదు. సోడా పులుపును విరుస్తుంది.

• మాటిమాటికి గుక్కెడు నీళ్ళు తాగాలి.

• నమిలి తినే తిండి తినాలి. నమిలితే ఉమ్మి ఊరుతుంది.

• ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో, మెత్తని బ్రష్‌తో రోజుకు రెండుసార్లు తోముకోవాలి. రాత్రి తప్పనిసరి. రాత్రి ఉమ్మి తక్కువ, కాపలా తక్కువ.

• ఇటుక పొడి, బొగ్గు పొడి, పొగాకు పొడి వాడకూడదు. మొదటి రెండూ పన్నును అరగదీస్తాయి. పొగాకు కాన్సర్ తెస్తుంది.

• కట్టుడు పళ్ళు రాత్రి తీసి కడిగి, మామూలు నీళ్ళలో వేయాలి. మరిగే నీళ్ళలో వేస్తే వంకరపోతాయి.

• షుగరును అదుపులో ఉంచుకోవాలి.

గుర్తుంచుకుందాం

ఉమ్మి పంటికి కాపలా.
మండే మందు మంచి మందు కాదు.
పులుపు తిన్నాక, వాంతి అయ్యాక ముందు పుక్కిలించాలి. అరగంట ఆగి తోముకోవాలి.
నోరు ఎండితే మాత్రలు మానొద్దు. డాక్టరుకు చెప్పాలి.

సీసా చదవండి

ఇప్పుడు మీకు చదవడం వచ్చింది. మందు సీసా కొనే ముందు దాని మీద ఏం రాశారో చూడండి. ఇంగ్లీషులో ఉంటే బడికి పోయే పిల్లల చేత చదివించండి. ఈ మూడు ప్రశ్నలు అడగండి.

1. ఇందులో ఆల్కహాల్ ఉందా?
2. ఇందులో ఫ్లోరైడ్ ఉందా?
3. గడువు తేదీ ఎప్పటి వరకు ఉంది?

చర్చించండి

1. మీ సంఘంలో ఎవరికైనా నోరు ఎండుతున్నదా? వారు ఏయే మాత్రలు వేసుకుంటున్నారు?
2. మీ ఇంట్లో పళ్ళు దేనితో తోముకుంటారు? దానివల్ల పన్నుకు మేలా, కీడా?
3. మాత్రలు మానేస్తానన్న సాయమ్మకు మీరైతే ఏం చెప్పేవారు?

రాయండి

ఉమ్మి చేసే మూడు పనులను మీ నోటు పుస్తకంలో రాయండి. ఇంట్లో వారికి చదివి వినిపించండి.