కౌంటీ సభలో సన్మానం: ఒక స్థానిక పరిపాలన పాఠం

పౌరశాస్త్రంలో స్థానిక స్వపరిపాలన పాఠాన్ని చాలామంది అయిదు మార్కుల కోసం కంఠస్థం చేసి, పరీక్ష అయిన మరునాడే వదిలేస్తారు. కృష్ణగిరి జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో 31 ఏళ్లు ఆ పాఠమే చెప్పినవాణ్ణి కనుక ఆ సంగతి నాకు బాగా తెలుసు. అదే పాఠాన్ని ఈసారి వేరే దారిలో చెప్పదలచాను. అమెరికాలో మా అమ్మాయి ఇంట కొన్ని నెలలున్నప్పుడు, సాన్ హోసే నగరంలో సాంతా క్లారా కౌంటీ పాలకమండలి సభకు వెళ్లి కూర్చున్నాను. స్థానికంగా సేవ చేసినవారిని ఆ సభలో గౌరవించారు. చూడడానికి అది చిన్న కార్యక్రమమే. దాని వెనక ఉన్న ఏర్పాటు మాత్రం తెలుసుకోదగినది.

ముందుగా కౌంటీ అంటే ఏమిటో చూద్దాం. సుమారుగా మన జిల్లా అనుకోవచ్చు. కాలిఫోర్నియా రాష్ట్రంలో 58 కౌంటీలున్నాయి. 1850లో రాష్ట్రం ఏర్పడినప్పుడే పుట్టిన మొదటి 27 కౌంటీలలో సాంతా క్లారా ఒకటి. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 19 లక్షల 36 వేల మంది ఉన్నారు. 2004లో ధర్మపురి నుండి విడివడిన మన కృష్ణగిరి జిల్లాలో 2011 లెక్క ప్రకారం 18 లక్షల 80 వేల మంది. అంటే జనంలో రెండూ ఇంచుమించు సమానమే. సాన్ హోసే, సన్నీవేల్, కూపర్టీనో, మిల్పిటాస్ ఊళ్లన్నీ ఈ కౌంటీలోవే. మన ట్రస్టులో చదువుకుని కంప్యూటరు ఉద్యోగాలకు వెళ్లిన పిల్లలు ఇళ్లకు రాసే చిరునామాలలో ఈ పేర్లు కొన్ని మీరు చూసే ఉంటారు.

పోలిక అంతవరకే. మన జిల్లాకు కలెక్టరును రాష్ట్ర ప్రభుత్వం పంపుతుంది. అక్కడ ప్రజలు అయిదుగురు సభ్యులను నాలుగేళ్లకొకసారి ఎన్నుకుంటారు, ఒక్కో ప్రాంతం నుండి ఒక్కరిని. ఓటు పత్రంలో అభ్యర్థి పేరు పక్కన పార్టీ పేరు ఉండదు. వీరిని సూపర్‌వైజర్లు అంటారు. పేరు విని మన కర్మాగారాల్లోని సూపర్‌వైజర్లను ఊహించుకోవద్దు. కౌంటీ ఆస్పత్రులు, ప్రజారోగ్యం, నిరుపేదలకు సహాయం, ఎన్నికల నిర్వహణ, జైళ్లు మొదలైన వాటికి డబ్బు కేటాయించేదీ, నియమాలు చేసేదీ ఈ అయిదుగురే. రోజువారీ పని చూసే ముఖ్య అధికారిని కూడా వారే నియమిస్తారు. ఆ అధికారి వారికి జవాబుదారీ. వారు ఓటర్లకు జవాబుదారీ.

ఇక అసలు విషయం. ఈ అయిదుగురూ ఎలా సమావేశం కావాలో చెప్పే చట్టం ఒకటుంది. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రిక విలేఖరి మైకేల్ హారిస్ పది భాగాలుగా ఒక వ్యాసపరంపర రాశాడు. స్థానిక సంస్థల సభ్యులు ముందే చాటుగా కలుసుకొని అన్నీ నిర్ణయించుకొని, బహిరంగ సభలో చేతులెత్తడం మాత్రం చేస్తున్నారని అందులో బయటపెట్టాడు. ఆ మరుసటి ఏడాది, 1953లో, మొడెస్టో ప్రాంతపు శాసనసభ్యుడు రాల్ఫ్ బ్రౌన్ ప్రవేశపెట్టిన బిల్లు చట్టమైంది. నేటికీ దాన్ని బ్రౌన్ చట్టమనే పిలుస్తారు.

ఈ చట్టంలో మీరు గుర్తుపెట్టుకోదగిన సంగతులు కొన్ని చెబుతాను. అయిదుగురిలో ముగ్గురు ఒకచోట చేరి కౌంటీ పని గురించి మాట్లాడితే అది సభ కిందే లెక్క. హోటల్లో భోజనం చేస్తూ మాట్లాడినా సరే. పెళ్లికో, సన్మానానికో ముగ్గురూ వెళ్లవచ్చు గాని, అక్కడ తమలో తాము కౌంటీ వ్యవహారం చర్చించకూడదు. మామూలు సభకైతే ఏయే విషయాలు చర్చకు వస్తాయో 72 గంటల ముందు అందరికీ కనబడేచోట అంటించాలి. ఆ పట్టికలో లేని విషయంపై అప్పటికప్పుడు తీర్మానం చేయరాదు. తప్పనిసరి పరిస్థితులకు మాత్రమే మినహాయింపు. దావాలు, ఉద్యోగుల విషయాలు, స్థలాల బేరం వంటివి తలుపులు మూసుకొని మాట్లాడుకోవచ్చు. సభకు వచ్చినవారిని పేరు రాస్తేనే రానిస్తామనడానికి వీల్లేదు. వాళ్ల దేశపు పౌరుణ్ణి కాని నన్ను కూడా గుమ్మం దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు.

ప్రతి సభలోనూ సామాన్యుడు లేచి మాట్లాడే హక్కు 1986 సవరణతో వచ్చింది. అధ్యక్షులు కాలపరిమితి పెట్టవచ్చు. రెండు నిమిషాలు కావచ్చు, జనం ఎక్కువైతే ఒక్క నిమిషమే కావచ్చు. పాలకమండలిని విమర్శిస్తున్నాడని మాత్రం నోరు మూయించకూడదు. నాకు అన్నిటికంటే నచ్చింది 2016లో చేసిన సవరణ. ఇంగ్లీషు రానివారు దుబాసీ సాయంతో మాట్లాడితే వారికి రెట్టింపు సమయం ఇవ్వాలి. వారు చెప్పిన మాట మళ్లీ ఇంగ్లీషులో చెప్పడానికి సగం కాలం పోతుంది గదా, అందుకు. నేను వెళ్లిన రోజు ఒక ముసలమ్మ స్పానిష్ భాషలో వృద్ధుల భోజన కేంద్రం వేళల గురించి మాట్లాడింది. గడియారంలో ఆమెకు రెట్టింపు అంకె వేశారు. తమిళ, కన్నడ, ఒరియా, మరాఠీ ప్రాంతాల్లో తరతరాలుగా కాపురముంటూ, కార్యాలయంలో నోరు విప్పే ముందు మాటను మనసులో తర్జుమా చేసుకునే మనవంటివారికి ఈ నియమం విలువ వేరే చెప్పనక్కరలేదు.

సన్మానం సంగతికి వస్తాను. అది ఏప్రిల్ నెల. అమెరికాలో 1974 నుండి ఏటా ఏప్రిల్‌లో స్వచ్ఛంద సేవకుల వారోత్సవం జరుపుతున్నారు. కనుక పట్టికలో మొదటనే ప్రశంసలున్నాయి. వీటిలో రెండు రకాలు. ఒక వ్యక్తినో సంస్థనో మెచ్చుకుంటూ ఇచ్చేది ప్రశంసాపత్రం. ఫలానా వారాన్నో నెలనో ఫలానా విషయానికి అంకితమని ప్రకటించేది ప్రకటన. రెండింటి వెంటా డబ్బు రాదు, అధికారం రాదు. చట్టపరంగా చూస్తే అది ఒక మంచి కాగితం, అంతే. అయినా దానికి పట్టికలో ఒక సంఖ్య ఉంటుంది, దానిపై ఓటు పడుతుంది, సభా కార్యక్రమాల నమోదులోకి ఎక్కుతుంది. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా వెతికితే దొరుకుతుంది.

ఆ రోజు సన్మానం పొందినవారిలో ఆహార పొట్లాలు పంచేవారు, గ్రంథాలయంలో పిల్లలకు చదివి వినిపించేవారు ఉన్నారు. శాలువా లేదు, పూలదండ లేదు. సూపర్‌వైజరు తన ఆసనం దిగివచ్చి పత్రం చదివారు, అందించారు, ఫోటో తీశారు. తర్వాత సన్మానం పొందినవారికే మైకు ఇచ్చారు. ఇది గమనించండి. మన సభలలో సన్మానించేవారు ముప్పావు గంట మాట్లాడతారు, సన్మానం పొందినవారు చేతులు జోడించి దిగిపోతారు. అక్కడ ఒక గ్రంథాలయ సేవకురాలు కృతజ్ఞత చెప్పి ఊరుకోలేదు. సాయంత్రాలు పిల్లలను ఇంటికి తీసుకువెళ్లే వాహనం లేక చాలామంది రావడం మానేస్తున్నారని చెప్పింది. ఎదుట కూర్చున్నది డబ్బు కేటాయించే అయిదుగురు! అభినందనకు వచ్చి అర్జీ పెట్టినట్టయింది. సరిగ్గా చేశావమ్మా అనుకున్నాను.

అంతా మెచ్చదగినదే అనను. ఆ కార్యక్రమం దాదాపు 40 నిమిషాలు పట్టింది. అవతల పని మానుకొని వచ్చి, మాట్లాడడానికి చీటీ ఇచ్చి కూర్చున్నవారు గడియారం చూసుకుంటున్నారు. ఎన్నికైనవారికి తమ ప్రాంతపు వారితో ఫోటో తీయించుకోవడం లాభమే గాని నష్టం కాదు. పత్రం పుచ్చుకోవడం సులువు, అడిగిన వాహనం రావడం కష్టం. ఈ బలహీనత ఏ దేశంలోనైనా ఒకటే.

ఇప్పుడు ఆ పత్రం రాసే పద్ధతి చూద్దాం. విద్యార్థులకు ముఖ్యంగా పనికివచ్చేది ఇదే. అందులో ప్రతి వాక్యం 'వేరాజ్' అనే మాటతో మొదలవుతుంది. మన పాత దస్తావేజుల తెలుగులో చెప్పాలంటే 'ఏమనగా' అనవచ్చు. ఒక్కొక్క ఏమనగా కింద ఒక్క వాస్తవమే ఉండాలి. ఏ సంవత్సరంలో మొదలుపెట్టారు, ఎక్కడ, ఎవరికి, వారానికి ఎన్నిసార్లు. చివర 'కావున' అని తీర్మానం. వాస్తవాలు చెప్పకుండా కావున దగ్గరకు రాకూడదు. మన ప్రశంసాపత్రాలలో 'బహుముఖ ప్రజ్ఞాశాలి, సహృదయ శిరోమణి, నిస్వార్థ సేవాతత్పరులు' అని రాస్తాము. పేరు మార్చితే అదే పత్రం ఇంకొకరికి సరిపోతుంది. అలా సరిపోయిందంటే ఆ పత్రం ఎవరినీ గౌరవించలేదన్నమాట. 'శ్రీమతి ఫలానా వారు 2007 జూన్ నుండి తమ ఇంటి అరుగుమీద వారానికి అయిదు సాయంత్రాలు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుచున్నారు' అని రాయండి. విశేషణం ఒక్కటీ లేదు. కాని ఇది ఇంకెవ్వరికీ సరిపోదు.

ఆ ఉదాహరణ నేను ఊరికే తీసుకోలేదు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి నుండి క్రమంగా తమిళం తప్పనిసరి అయింది. రాష్ట్ర భాష నేర్చుకోవడం మంచిదే, నా విద్యార్థులకు నేనూ అదే చెప్పాను. కాని బడిలో తెలుగుకు చోటు తగ్గినప్పుడు మా వీధిలో ఒక అవ్వ ఆ పని తన అరుగుమీదికి తెచ్చుకుంది. జీతం లేదు, పలకలు కూడా ఆమెవే. ఆమె కాలం చేసినప్పుడు మన బులెటిన్‌కు నాలుగు వాక్యాలు రాద్దామని కూర్చుంటే, ఏ ఏడాది మొదలుపెట్టిందో, ఎందరికి నేర్పిందో ఒక్కరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవారిలో ఇద్దరు ఈ ట్రస్టు వేతనంతో ఇంజనీరింగు చదివారు. ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

పుస్తకం మనకు లేక కాదు. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం గ్రామ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ గ్రామసభ సభ్యులే. ఎన్నుకున్న అయిదుగురి ఎదుట రెండు నిమిషాలు మాట్లాడే హక్కు కంటే ఇది పెద్దది. ఇక్కడ మీరే సభ. తమిళనాడులో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2న గ్రామసభలు జరిగేవి. 2022లో మార్చి 22, నవంబరు 1 కూడా చేర్చారు. కర్ణాటక, మహారాష్ట్రలలోనూ గ్రామసభలున్నాయి, ఒడిశాలో పల్లిసభ కూడా ఉంది. యానాం పురపాలక పట్టణం కనుక అక్కడివారికి గ్రామసభ లేదు. పుదుచ్చేరి ప్రాంతంలో 1968 తర్వాత స్థానిక ఎన్నికలు మళ్లీ జరిగింది 2006లోనే. కాబట్టి యానాం విద్యార్థులు తమ అర్జీని పురపాలక కార్యాలయానికి రాసి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

గ్రామసభలో వరవడి ఇలా ఉంటే మంచిదని నా సలహా. ముందుగానే అధ్యక్షులకు లేదా కార్యదర్శికి రాతపూర్వకంగా విషయం ఇవ్వండి. నోటిమాటగా చెబితే 'అలాగే చూద్దాం' అంటారు, అక్కడితో ఆగుతుంది. సభలో రెండు నిమిషాలకు మించి మాట్లాడకండి. ఇంట్లో గడియారం పెట్టుకొని మూడుసార్లు చదివి చూసుకోండి. రెండు నిమిషాలంటే తాపీగా చదివితే సుమారు 150 నుండి 200 మాటలు. రాష్ట్ర భాషలో మాట్లాడండి. తెలుగులో రాసుకున్న ప్రతి పెద్దలకు చూపించండి. ముగిసిన తర్వాత తీర్మానాల పుస్తకంలో ఎక్కిందో లేదో చూసే బయటకు రండి. ఈ చివరి పని చేసేవారు నూటికి ఒక్కరుంటారు.

ఈ పాఠానికి అభ్యాసం. మీ వీధిలో లేదా ఊళ్లో జీతం లేకుండా కనీసం అయిదేళ్లుగా ఒక మేలు చేస్తున్నవారిని ఒకరిని ఎంచుకోండి. మన సముదాయం వారే కానక్కరలేదు. వారి దగ్గర కూర్చుని ఎప్పుడు మొదలుపెట్టారో, ఎక్కడో, ఎందరికో, ఖర్చు ఎవరిదో, ఇంకా ఏమి లోటుందో అడిగి రాసుకోండి. చెప్పిన సంవత్సరాన్ని ఇంకొకరి దగ్గర సరిచూసుకోండి. వారి అనుమతి తీసుకుని ఆరు 'ఏమనగా'లు, ఒక 'కావున' ఉన్న పత్రం తయారు చేయండి. విశేషణాలు వాడరాదు. రెండు ప్రతులు తీసి ఒకటి మీ గ్రామసభకు, ఒకటి ట్రస్టు కార్యాలయానికి పంపండి. కార్యాలయానికి వచ్చిన ప్రతులను బైండు చేయించి గ్రంథాలయంలో ఉంచవలసిందిగా కార్యవర్గాన్ని నేను రాతపూర్వకంగానే కోరాను.