దీవెనకు కొలబద్ద చేపల చెరువా?

ప్రశ్న: మాది భీమడోలు దగ్గర పల్లె. ఈ ఏడు చేపల చెరువు దెబ్బతింది. విశ్వాసం చాలకే దీవెన రాలేదని ఓ బోధకుడు అందరి ముందూ అన్నారు. నిజమేనాండీ?

జవాబు: కాదండీ. మబ్బేసిన రోజుల్లో తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతే, ఎవరి చెరువులోనైనా చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఎండావానలు మంచివాళ్లకూ చెడ్డవాళ్లకూ ఒకేలా వస్తాయని మత్తయి 5లో యేసు చెప్పిందీ ఇదే. యోబు నష్టపోయింది విశ్వాసం తగ్గి కాదు. అలా నిందించిన స్నేహితులనే దేవుడు చివర్లో మందలించాడు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప దొరికింది. ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయం చదవండి: దత్తత, క్షమాపణ, పరిశుద్ధాత్మ. దీవెనలంటే అవి. రొక్కం ఊసే లేదు.

ఇక ఆ బోధకుడి తీరు. దీవెనంటే సిరులేనన్నట్టు మాట్లాడారు. 1836లో ఇంగ్లండులో బయల్దేరి, తర్వాత నర్సాపురం వైపు సువార్త చెప్పిన బౌడెన్ దంపతులకూ, బీర్ దంపతులకూ నెలజీతమిచ్చే మిషనే లేదు. సిరుల ఆశ చూపించడానికి వాళ్ల దగ్గర ఏముంది? మాటతీరు గురించైతే, కొలస్సీ 4లో పౌలు మాటలో కృప ఉండాలనీ, ఉప్పు వేసినట్టుండాలనీ అంటాడు. పుండు మీద చల్లమని కాదు లెండి. ఆ బోధకుణ్ణి ఇంటికి పిలిచి, అందరి ముందూ అన్న ఆ మాట గురించి నెమ్మదిగా అడగండి. ఈలోగా చెరువు నీళ్లు పరీక్ష చేయించండి. అదేం అవిశ్వాసం కాదు.