కొత్త సిస్టమ్ వేయించబోయే ఎడిటర్ కుర్రాళ్లకు

అరకు, డుంబ్రిగూడ, హుకుంపేట, పాడేరు వైపు ఇప్పుడు ఊరికొక ఎడిటర్ తేలుతున్నాడు. పెళ్లి వీడియోలు, హోమ్‌స్టేలకు డ్రోన్ బిట్లు, ఆదివాసీ ఒడియాలోనో కువిలోనో పాట కట్టి థింసా అడుగులతో యూట్యూబ్‌లో పెట్టే ఆల్బమ్‌లు. పని బాగానే ఉంది. సీజన్ అయ్యాక చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే నా దగ్గరికొచ్చి అడిగేది మాత్రం ఒకటే: "మాస్టారూ, ఏ గ్రాఫిక్ కార్డు వేయించమంటారు?" రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టుకుని మిక్సింగ్ చేసిన కాలం నుంచి ఈ కుర్చీలో ఉన్నవాణ్ని. కార్డు కంటే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

1. షాపుకెళ్లే ముందు కెమెరా ఫైలు చూడండి

సిస్టమ్ స్టక్ అవుతోందంటే ఎక్కడ స్టక్ అవుతోందో తెలియాలి. ఈమధ్య ఒక కుర్రాడు కొత్తగా అసెంబుల్ చేయించిన సిస్టమ్ పట్టుకొచ్చాడు. ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డు, పద్నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్, కేబినెట్ లోపల రంగురంగుల లైట్లు. పెళ్లి ఫుటేజ్ మూడు ట్రాకులు టైమ్‌లైన్ మీద వేస్తే, ఎవరో ఆల్బమ్ తిరగేస్తున్నట్టు ఒక్కో ఫ్రేమూ ఆగి ఆగి వస్తోంది. టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో జీపీయూ నొక్కి చూపించాను. అక్కడ 'వీడియో డీకోడ్' అని చిన్న గ్రాఫ్ ఉంటుంది. దాని గీత అడుగున పడుకుని ఉంది. సీపీయూ చూస్తే నూటికి నూరు. అంత ఖరీదైన కార్డు ఖాళీగా కూర్చుంది, ప్రాసెసర్ ఒక్కటే చాకిరీ చేస్తోంది.

కారణం ఫైల్లో ఉంది. ఆ కెమెరా హెచ్.265లో 10 బిట్ 4:2:2 రికార్డు చేస్తుంది. రంగుల సమాచారం ఎక్కువ, గ్రేడింగ్‌కు మంచిది. కానీ ఎన్‌విడియా కార్డుల్లో 40 సిరీస్ దాకా ఆ రకం ఫైలును విప్పే ఏర్పాటు లేదు. 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే అది మొదలైంది. ఇంటెల్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్ మాత్రం పదకొండో తరం నుంచే ఆ పని చేస్తున్నాయి. ఈ కుర్రాడికి అంటగట్టిన ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంది. ఎఫ్ ఉంటే లోపలి గ్రాఫిక్స్ లేనట్టే. గేమ్స్ ఆడేవాడికి అది పొదుపు, ఎడిటర్‌కు దండగ.

సోనీ ఏ7 త్రీ లాంటి కెమెరాలు ఇచ్చే 8 బిట్ 4:2:0 ఫైళ్లతో ఈ బాధ లేదు. ఏ మామూలు కార్డైనా విప్పేస్తుంది. సాఫ్ట్‌వేర్ సంగతీ చూసుకోవాలి. డావిన్చీ రిజాల్వ్ గ్రాఫిక్ కార్డు మీద ఎక్కువ ఆధారపడుతుంది. మన పెళ్లి ఎడిటర్లు వదలని ఎడియస్‌కు ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లోని క్విక్ సింక్ ఉంటే చాలు, హాయిగా పరిగెడుతుంది. ఎడియస్ వాడేవాడు పెద్ద కార్డు కొంటే ఆ డబ్బు కేబినెట్ అందానికి పోసినట్టే.

2. ప్రాక్సీకి పైసా ఖర్చు లేదు

ఆ కుర్రాడికి ఏమీ కొనిపించలేదు. రాత్రి పడుకునే ముందు ప్రాక్సీలు పెట్టుకో, తెల్లారేసరికి తయారవుతాయి అన్నాను. చిన్న సైజు కాపీల మీద ఎడిట్ చేసి, ఫైనల్ రెండర్ అసలు ఫైళ్ల మీద వేసుకోవడమే. దీన్ని నామోషీగా చూసేవాళ్లున్నారు. పెద్ద పెద్ద సినిమాలు ఇలాగే ఎడిట్ అవుతాయి.

3. ర్యామ్ 32 జీబీ, రెండు స్టిక్కులుగా

16తో 4కె పని ఈడ్చుకొస్తుంది. 32 ఉంటే పెళ్లి పనికి సరిపోతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో టైటిళ్లు చేసేవాడికి 64 కావాలి, ఎందుకంటే దానికి ఎంతిచ్చినా మింగుతుంది. ఒకే స్టిక్ వేయించకండి, రెండు జతగా ఉంటేనే డ్యూయల్ ఛానెల్ వేగం వస్తుంది. డీడీఆర్4 స్టిక్ డీడీఆర్5 బోర్డులో దిగదు, పాతది పనికొస్తుందిలే అని లెక్క వేసుకోకండి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో చూశారుగా. అందుకే టాస్క్ మేనేజర్‌లో మెమరీ నిజంగా నిండుతోందని తేలాకే జేబులో చెయ్యి పెట్టండి.

4. డిస్కు దగ్గర లెక్క కాగితం మీద వేయండి

కెమెరా సెకనుకు 100 మెగాబిట్లు రాస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఆరేసి గంటలు తిరిగితే 540 జీబీ. అదే 250 మెగాబిట్ల రకమైతే గంటకే 112 జీబీ దాటుతుంది. ఒక్క పెళ్లికి ఇంత. సీజన్‌లో నాలుగైదు పెళ్లిళ్లు ఒకేసారి టేబుల్ మీద ఉంటాయి.

ఇక వేగం. 250 మెగాబిట్లంటే సెకనుకు 31 మెగాబైట్లే. మూడు ట్రాకులు కలిపినా వంద లోపు. 550 దాకా చదివే సాదా సాటా ఎస్ఎస్‌డీకి ఇది ఒక లెక్కే కాదు. హార్డ్ డిస్క్ ఒక ఫైలును వరసగా చదివేటప్పుడు 150, 200 ఇస్తుంది గానీ, మూడు ఫైళ్ల మధ్య దాని ముల్లు అటూ ఇటూ పరిగెత్తాల్సి వస్తే చతికిలపడుతుంది. కాబట్టి నడుస్తున్న పని ఎస్ఎస్‌డీ మీద, అయిపోయిన పని హార్డ్ డిస్క్ మీద ఉండాలి. సెకనుకు 7000 మెగాబైట్లు అని పెట్టె మీద ముద్రించిన ఎన్‌వీఎంఈ చూసి మురిసిపోకండి. మన పనికి చవకైన మామూలు రకం చాలు.

మిగిలిన డబ్బుతో రెండో హార్డ్ డిస్క్ కొనండి. పెళ్లి మళ్లీ జరగదు. ఒకే డిస్కులో ఉన్న ఫుటేజ్‌ను బ్యాకప్ అనరు. రెండో కాపీ ఇంకో ఇంట్లో ఉండాలి, ఒకే బీరువాలో రెండు డిస్కులు పెట్టుకుని భద్రం అనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

5. ఏజెన్సీలో మొదటి హార్డ్‌వేర్ కరెంటు

హైదరాబాద్ వాడు చెప్పే వీడియో చూసి మీరు సిస్టమ్ వేయిస్తే తేడా కొట్టేది ఇక్కడే. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి మన కొండల్లోనే నడుస్తోంది. అయినా గాలివాన వస్తే వైరు మీద సిల్వర్ ఓక్ కొమ్మ పడుతుంది, పిడుగు పడుతుంది, సాయంత్రం లో ఓల్టేజీ సరేసరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో నా వయసు వాళ్లెవరూ మర్చిపోలేదు.

ఐ7 14700కె ప్రాసెసర్ పూర్తి బరువులో 253 వాట్లు లాగుతుంది. ఆర్‌టీఎక్స్ 4070 కార్డు మరో 200. బోర్డు, డిస్కులు, మానిటర్ కలిపితే 500 దాటుతుంది. షాపువాడు కొసరుగా ఇచ్చే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్ల దగ్గర. ఎడిటింగ్‌లో ఉండగా కరెంటు పోతే ఏమో గానీ, రెండర్ నడుస్తుండగా పోతే ఆ యూపీఎస్ కీచుమని అరిచి అదీ పడిపోతుంది. పెట్టె మీద వీఏ కాదు, వాట్లు చదవండి. మంచి ఎస్ఎంపీఎస్‌లలో పవర్ ఫ్యాక్టర్ సర్క్యూట్ ఉంటుంది, వాటికి చవక యూపీఎస్‌లు, పాత ఇన్వర్టర్లు ఇచ్చే చదరపు అల కరెంటు సరిపడదు. సైన్ వేవ్ రకం అడిగి తీసుకోండి. యూపీఎస్ ఉన్నది సేవ్ చేసి ఆపుకోవడానికి, కూర్చుని పని ముగించడానికి కాదు.

ఎర్తింగ్ వేయించారా? కేబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతోందంటే వేయలేదని అర్థం. లక్ష రూపాయల సిస్టమ్ పెట్టి, ఎర్తింగ్ గొయ్యికి ఎలక్ట్రీషియన్ కూలి దగ్గర బేరమాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉరుములు మొదలైతే ప్లగ్ పీకండి. ఇంటర్నెట్ వైరు కూడా పీకండి, చాలా బోర్డులు అటువైపు నుంచే పోతాయి.

ఈ లెక్కలోనే ఇంకో మాట. తక్కువ వాట్ల సిస్టమ్ మన కొండల్లో సగం బలం. 2024 నవంబరులో 59,900 రూపాయలకు వచ్చిన ఎం4 మ్యాక్ మినీ ఎంత లాగినా 65 వాట్లు. 10 బిట్ 4:2:2 ఫైళ్లను తడబడకుండా విప్పుతుంది, చిన్న ఇన్వర్టర్ మీద గంటలు నడుస్తుంది. దాని లోటూ చెప్పాలి: ర్యామ్ తర్వాత పెంచుకోలేం, కొన్నప్పుడున్న 16 జీబీతోనే కాపురం. లోపలి స్టోరేజీ 256 జీబీ, బయట ఎస్ఎస్‌డీ తప్పదు. విండోస్ సిస్టమ్ పార్టు పార్టుగా మార్చుకోవచ్చు, దీన్ని మార్చలేం. కరెంటు తరచూ పోయే ఊళ్లో ఉన్న కొత్త ఎడిటర్‌కు నేనైతే ఇదే చెబుతున్నాను.

6. ఘాట్ రోడ్డు ఎక్కే ముందు కార్డు విప్పండి

విశాఖలో బిగించిన సిస్టమ్ శృంగవరపుకోట దాటి అనంతగిరి మలుపులు ఎక్కి రావాలి. కిలో పైన బరువున్న కార్డు స్లాటులో వేలాడుతూ ఆ కుదుపులకు బోర్డునే విరగ్గొట్టగలదు. కార్డు విప్పించి దాని పెట్టెలోనే తెచ్చుకోండి, కేబినెట్‌ను బోర్డు కిందకు వచ్చేలా పడుకోబెట్టండి.

సర్వీస్ సెంటర్ మనకు 115 కిలోమీటర్ల దూరం. పార్టు పోతే ఒక రోజు, ఒక డెలివరీ పోయినట్టే. ప్రతి పార్టు సీరియల్ నంబరూ జీఎస్‌టీ బిల్లులో రాయించుకోండి. "మన షాపే కదా బాబూ" అనేవాడి దగ్గర రెండుసార్లు రాయించుకోండి.

సెకండ్‌హ్యాండ్‌లో పదమూడు, పద్నాలుగు తరాల ఇంటెల్ కె రకం ప్రాసెసర్లు చవగ్గా దొరికితే ఆగండి. ఎక్కువ ఓల్టేజీ వల్ల అవి పాడవుతున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుని, ఆగస్టులో మైక్రోకోడ్ మార్పు ఇచ్చి, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఆ మార్పు బాగు చేయదు.

7. చలి మంచిదే, చెమ్మ కాదు

లిక్విడ్ కూలర్ మనకెందుకు? మైదానంలో మేనెల గదిలో కూర్చునేవాడికి కావాలి. ఇక్కడ మంచి ఎయిర్ కూలర్ చాలు. వానాకాలం మాత్రం సిస్టమ్‌ను వారాల తరబడి మూసి ఉంచకండి, పని లేకపోయినా రోజూ కాసేపు ఆన్ చేయండి. ఎస్ఎంపీఎస్ వెనక జాలీలోంచి బల్లి దూరితే రెండూ పోతాయి. సన్నని మెష్ వేయించండి.

8. మానిటర్ మీద ఖర్చు మీ చేతి పనికి గౌరవం

నూరు శాతం ఎస్ఆర్‌జీబీ చూపించే ఐపీఎస్ మానిటర్ తీసుకోండి. యూట్యూబ్‌కూ టీవీకీ రెక్ 709 రంగులే కాబట్టి అంతకు మించి అవసరం లేదు. చవక ప్యానెల్‌లో నీడలన్నీ కలిసిపోయి ఒకే నల్ల ముద్ద అవుతాయి. వలిసె పూల పసుపు ఎలాగోలా కనిపిస్తుంది గానీ, థింసా వరసలో నిలబడ్డ ఆడవాళ్ల ముఖాల్లో కవళికలు కనపడవు. కనపడలేదని ఎడిటర్ బ్రైట్‌నెస్ పెంచుతాడు, అక్కడి నుంచి ఒంటి రంగును తెల్లబరిచే ఫిల్టర్ దాకా వెళ్తాడు. పెళ్లికూతురు తన వీడియోలో తనను తానే గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. ఆ చామనఛాయను ఉన్నదున్నట్టు చూపించడం వచ్చినవాడే నా దృష్టిలో కలరిస్ట్.

9. పాత సిస్టమ్ అమ్మేయకండి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగింది, పాత ప్రాసెసర్ల మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. దాంతో చాలామంది పాత సిస్టమ్‌లను తూకానికి వేస్తున్నారు. వెనక ఫైర్‌వైర్ పోర్టు ఉందేమో ఒకసారి చూడండి. 2000 తర్వాత పదేళ్లపాటు మన పెళ్లిళ్లు, ఇటుకల పండుగలు, థింసాలు మినీ డీవీ టేపుల మీదే తీశాం. ఆ టేపు కంప్యూటర్‌లోకి రావాలంటే ఆ పోర్టు కావాలి. ఇప్పటి బోర్డుల మీద అది లేదు, 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ తాహో అయితే ఫైర్‌వైర్‌ను పూర్తిగా తీసేసింది. గంట టేపు ఎక్కడానికి గంట పడుతుంది, 13 జీబీ అవుతుంది. ఇంటర్నెట్ పీకేసి, ఆ పాత సిస్టమ్‌ను దీనికోసమే ఒక మూల ఉంచండి.

మన వానలకు టేపుల మీద బూజు పడుతోంది. మీ ఇంట్లోనో, మీకు పని నేర్పిన స్టూడియోలోనో అలాంటి టేపులుంటే వచ్చే వానాకాలం దాకా ఆగకండి, ఈ చలికాలంలోనే ఎక్కించేయండి.