అలల కబురు

యానాం వద్ద గౌతమీ గోదావరి సముద్రానికి చేరువవుతుంది. నదిలోనూ, కడలిలోనూ వేట సాగించి బ్రతికే కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. వేటకు బయలుదేరే మత్స్యకారుడు మొదట ఆకాశం వైపు చూస్తాడు. గాలి ఏ దిక్కు నుండి వీస్తున్నదో గమనిస్తాడు. నీటి రంగు చూస్తాడు. తాతముత్తాతల నుండి వచ్చిన ఈ జ్ఞానం చాలా గొప్పది. అయితే దూరాన పుట్టిన తుపాను దీనికి ఎప్పుడూ ముందుగా చిక్కదు.

1996 నవంబరు 6వ తేదీన కాకినాడకు దక్షిణంగా పెనుతుపాను తీరం దాటింది. గోదావరి డెల్టాలో కొబ్బరితోటలు నేలకూలాయి. వెయ్యిమందికి పైగా మరణించారు. వేటకు వెళ్లిన మత్స్యకారులు వందల సంఖ్యలో తిరిగి రాలేదు. ఒడ్డున ఉన్నవారికి రేడియో ఉంటుంది, ఇరుగుపొరుగు ఉంటారు. పడవ ఒకసారి ఒడ్డు విడిచిన తరువాత కబురు అందడం కష్టం. కనుక బయలుదేరక ముందే అందాలి.

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక భాగం. ఇక్కడి నుండి పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడివారి భాష తమిళం. అయినా సముద్రం ఒక్కటే, మత్స్యకారుల కష్టమూ ఒక్కటే. ఆ పుదుచ్చేరి చుట్టుపక్కల పల్లెలలో 1998లో ఒక కొత్త ప్రయత్నం మొదలయింది. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, కెనడా దేశపు అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రం సహాయంతో, పల్లెలలో విజ్ఞాన కేంద్రాలను నెలకొల్పదలచింది.

కంప్యూటర్లు కొని పల్లెకొకటి చొప్పున పంపిణీ చేయడం సులభమే. సంస్థవారు అలా చేయలేదు. ముందుగా ఊరూరా తిరిగి, ప్రజలకు ఏ సమాచారం కావాలో, ఇప్పుడు దానిని ఎవరి ద్వారా తెలుసుకుంటున్నారో అడిగారు. సేద్యం చేసేవారికి ధాన్యం ధర, విత్తనాల ధర కావాలి. జబ్బుపడినవారికి ఏ వైద్యుడు ఎక్కడ ఉంటాడో తెలియాలి. సముద్రతీరంలోని వీరంపట్టినం మత్స్యకారులకు అన్నిటికంటె ముఖ్యమైనది అలల ఎత్తు.

అమెరికా నౌకాదళం సముద్రపు అలల ఎత్తును ముందుగా అంచనా కట్టి ప్రకటించేది. ఆ అంకెలను విల్లియనూరులోని ప్రధాన కేంద్రం కంప్యూటరు ద్వారా తెప్పించి, తమిళంలోకి మార్చి వీరంపట్టినానికి పంపేది. అక్కడ దానిని కంప్యూటరు తెర మీదనే ఉంచితే చదివేవారెవరు? అందుకే ఊరిలో లౌడ్‌స్పీకర్లు అమర్చి, ఆ కబురును మైకులో చదివి వినిపించేవారు. అక్షరం రానివారికి కూడా అది చెవిని పడేది. ఎక్కడో దూరదేశపు నౌకాదళం కట్టిన లెక్క చిన్న పడవ నడిపేవానికి ఉపయోగపడడం ముచ్చటైన సంగతి!

ఈ పనిలో ఊరివారి బాధ్యత తక్కువది కాదు. యంత్రాలు సంస్థవి. గది ఊరివారిది. కేంద్రాన్ని నడిపే కార్యకర్తలను కూడా ఊరివారి నుండే ఎన్నుకున్నారు. వారిలో స్త్రీలు చాలామంది. కేంద్రం కులమతాల భేదం లేకుండా అందరికీ తెరచి ఉండాలన్నది సంస్థ పెట్టిన నియమం. ఎంబలం గ్రామంలో కేంద్రాన్ని గుడి ఆవరణలోనే పెట్టారు. అక్కడికి దళితులు కూడా వచ్చేవారు. తరతరాల కట్టుబాట్లున్న పల్లెలో ఇది మైకు కంటె, కంప్యూటరు కంటె పెద్ద మార్పు.

2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారం. అదే తీరంలోని నల్లవాడు అనే మత్స్యకార గ్రామం. ఆ ఊరి యువకుడొకడు సింగపూరులో పనిచేస్తున్నాడు. సుమత్రా దీవి వద్ద భూకంపం వచ్చిందని, సునామీ పుట్టిందని అతడు వార్తలలో చూశాడు. వెంటనే ఇంటికి ఫోను చేశాడు. అప్పటికే సముద్రపు నీరు ఇంటిలోనికి వస్తున్నదని ఇంటివారు చెప్పారు. “పరుగెత్తండి, అందరికీ చెప్పండి” అన్నాడు. కాని ఊరందరికీ చెప్పడం ఎలా? ఇల్లిల్లూ తిరిగే వ్యవధి లేదు.

విజ్ఞాన కేంద్రం మూసి ఉన్నది. గ్రామస్థులు తలుపు పగులగొట్టి లోనికి వెళ్లారు. మైకు అందుకొని హెచ్చరిక చేశారు. రోజూ అలల కబురు వినిపించే ఆ మైకు గొంతును ఊరు నమ్మింది. జనం ఉన్నవారు ఉన్నట్లే ఊరు విడిచి పరుగెత్తారు. తరువాత వచ్చిన కెరటాలకు సుమారు 150 ఇళ్లు, 200 పడవలు ధ్వంసమయ్యాయి. ఊరి జనాభా మూడువేల ఆరువందలకు పైమాటే. ప్రాణనష్టం మాత్రం జరగలేదు.

తలుపు పగులగొట్టినవారు ఎవరి అనుమతీ అడగలేదు. లోపల ఏమున్నదో, దానిని ఎలా వాడాలో వారికి తెలుసు. ఆ గది తమదేనని కూడా తెలుసు.

ఆలోచించి చెప్పండి

మీ ఊరిలో తుపాను హెచ్చరిక మొదట ఎవరికి అందుతుంది? వారి నుండి మిగతావారికి ఎలా చేరుతుంది? చూపు లేనివారికి, వినికిడి లేనివారికి, వేటలో ఉన్నవారికి అది అందుతున్నదా? మీ వీధిలోని పెద్దలను అడిగి తెలుసుకొని, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాయండి.