పుట సంఖ్య ఏదమ్మా?

మన తెలుగు శాఖల్లో ఆకరాలు చూపించడం ఎప్పుడు నేర్పుతారంటే, చాలాచోట్ల చివరి నెలలో. సిద్ధాంత గ్రంథం పూర్తవుతుంది, డీటీపీ అయిపోతుంది, బైండింగుకి ఇచ్చే ముందు "ఆ ఉపయుక్త గ్రంథసూచి కూడా పెట్టేయ్" అంటారు గైడు. విద్యార్థి సీనియర్ థీసిస్‌లోని సూచి తెచ్చుకుని, నాలుగు తీసేసి, నాలుగు చేర్చి పెట్టేస్తాడు. వైవాలో దాని జోలికి ఎవరూ పోరు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ పద్ధతితో పోట్లాడుతూనే వచ్చాను. కొత్తగా గైడ్‌షిప్ వచ్చిన నా పాత విద్యార్థులు కొందరు "మాకు చెప్పినవన్నీ ఒకచోట రాసివ్వండి మేడమ్" అన్నారు. గుర్తొచ్చిన వరసలో రాస్తున్నాను.

1. శైలి పుస్తకంతో మొదలుపెట్టకండి. ఏపీఏ, చికాగో అంటే పిల్లలు కామాలు, ఫుల్‌స్టాపులు బట్టీపడతారు. ఎమ్మెల్యే స్టైల్ అంటే క్లాసంతా నవ్వుతుంది, ఆ రోజుకి పాఠం అయిపోయినట్టే. నేనైతే మొదటి క్లాసుకి రెండు కన్యాశుల్కాలు పట్టుకెళ్ళేదాన్ని. ఒకటి 1897 నాటి మొదటి కూర్పుకి పునర్ముద్రణ, బంగోరె వెతికి వెలికితీసిన పాఠం. రెండోది మనందరికీ తెలిసిన కన్యాశుల్కం, అంటే 1909 నాటి రెండో కూర్పు. రెండూ బల్ల మీద పక్కపక్కన పెడితే చాలు, దళసరిలోనే తేడా కనబడుతుంది. గురజాడ నాటకాన్ని దాదాపు కొత్తగా రాశాడు. "గురజాడ 1897 నాటికే ఇంత ఆధునికంగా ఆలోచించాడు" అని ఒక విద్యార్థి ఒక అధ్యాయమంతా నిలబెట్టాడనుకోండి. దానికి ఆధారంగా చూపిన గిరీశం మాట 1909 కూర్పులోనే ఉండి, మొదటిదాంట్లో లేదనుకోండి. అధ్యాయమే కూలిపోతుంది. కూర్పు సంవత్సరం ఎందుకు రాయాలో ఇంకెవరూ వివరించక్కర్లేదు. ఆ తర్వాత కామా ఎక్కడ పెట్టాలో వాళ్ళే అడుగుతారు.

2. ముందు పుట సంఖ్య, తర్వాత వాక్యం. నా దగ్గర చేరిన ప్రతి ఒక్కరితోనూ ఇదే చాదస్తం. నోట్సులో ఒక మాట ఎత్తి రాసుకునే ముందు పుస్తకం పేరు, కూర్పు, పుట రాయాలి. ఆ తర్వాతే వాక్యం. "చివర్లో రాసుకుంటాలెండి" అన్నవాళ్ళ సంగతి ఎలా ఉంటుందంటే, వేటపాలెం సారస్వత నికేతనానికి బస్సెక్కి వెళ్ళి, రోజంతా కూచుని నోట్సు రాసుకుని వస్తారు. ఆరు నెలల తర్వాత నేను "పుట సంఖ్య ఏదమ్మా?" అంటే మొహాలు చూస్తారు. ఆ ఒక్క అంకె కోసం మళ్ళీ వేటపాలెం. దారిఖర్చు ఎవరిస్తారు?

ఇప్పుడు నోట్సెవరు రాస్తున్నారు, అందరూ ఫోన్లో ఫోటోలే. మంచిదే. కాకపోతే కావలసిన పుట ఒక్కటే తీసుకొస్తారు. గ్యాలరీలో పెళ్ళి ఫోటోల మధ్య ఎక్కడో ఒక పుట ఉంటుంది, అది ఏ పుస్తకంలోదో దేవుడికెరుక. వరస నేర్పండి. మొదట ముఖపత్రం, తర్వాత దాని వెనక ముద్రణ వివరాలున్న పుట, ఆ తర్వాతే అసలు పుట, అదీ అడుగునో పైనో ఉన్న అంకె తెగిపోకుండా.

ఇంకో సంగతి. ఎత్తి రాసుకున్న వాక్యానికి నోట్సులోనే కొటేషన్ గుర్తులు పెట్టించండి. వాళ్ళ సొంత ఆలోచన పక్కన వేరే రంగు సిరాతోనో, అంచున అడ్డగీతతోనో ఉండాలి. కావాలని దొంగిలించిన విద్యార్థులను నేను తక్కువే చూశాను. ఎక్కువమంది తమ నోట్సు తామే చదివి, ఆ వాక్యం తమదేననుకుని అధ్యాయంలో పెట్టేస్తారు. ఏడాది కిందటి చేతిరాత మన చేతిరాతే కదా, వాక్యం కూడా మనదే అనిపిస్తుంది.

3. పాత పుస్తకాల మీదా, పత్రికల మీదా తెలుగు సంవత్సరం ఉంటే జాగ్రత్త. భారతి మొదటి సంచిక 1924 జనవరిలో వచ్చింది. అప్పుడు నడుస్తున్నది రుధిరోద్గారి. ఉగాది 1923 వసంతంలో వెళ్ళింది కాబట్టి రుధిరోద్గారి అంటే 1923 అని పట్టికలో చూసి వేసేస్తే, పత్రిక పుట్టకముందే అందులో వ్యాసం అచ్చయినట్టవుతుంది. పుష్యం, మాఘం, ఫాల్గుణం దాదాపుగా తర్వాతి ఇంగ్లీషు సంవత్సరంలో పడతాయి. కాబట్టి మాసం చూడకుండా సంవత్సరం మార్చకూడదు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుందన్నది మరో చిక్కు. పుస్తకం మీద ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కన ఇంగ్లీషు సంవత్సరం వెయ్యమనండి. లెక్క తప్పినా చదివేవాడు సరిచూసుకోగలడు.

4. పద్యానికి పుట సంఖ్య ఒక్కటీ చాలదు. భారతమైతే పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య. భాగవతమైతే స్కంధం, పద్యసంఖ్య. వావిళ్ళవారి ప్రతికీ ఉస్మానియా విశ్వవిద్యాలయం సంశోధిత ప్రతికీ పద్యసంఖ్య అన్నిచోట్లా కలవదు కాబట్టి ఏ ప్రతో కూడా చెప్పాలి.

5. తెలుగు పేరుని తిరగెయ్యనివ్వకండి. విశ్వనాథ సత్యనారాయణలో ఇంటిపేరు ముందే ఉంది. దాన్ని "సత్యనారాయణ, విశ్వనాథ" అని తెలుగు సూచిలో వేస్తే స అక్షరం కింద ఊరంతా సత్యనారాయణలే. కంప్యూటర్లో సూచి తయారుచేసే ప్రోగ్రాములు ఈ పని తమంతట తామే చేస్తుంటాయి, ఓసారి చూసుకోవాలి. కలం పేర్లు మరో తగువు. ఆరుద్రను భాగవతుల సదాశివశంకర శాస్త్రి కింద వేస్తే వెతికేవాడికి దొరకడు. పుస్తకం అట్ట మీద ఏ పేరుంటే దాని కిందే వేసి, అసలు పేరు దగ్గర "ఆరుద్ర చూడండి" అని ఒక ముక్క రాస్తే సరి. బీనాదేవి భార్యాభర్తలిద్దరి కలం పేరు. "ఆమె ఇలా అన్నారు" అని రాసిన థీసిస్‌లు నేను దిద్దాను.

6. చూడని పుస్తకాన్ని చూసినట్టు రాయనివ్వకండి. ఒకరి పుస్తకంలో ఇంకొకరి మాట కనిపిస్తుంది. పిల్లలు మధ్యవారిని వదిలేసి అసలువారి పేరే వేస్తారు. అది గౌరవంగా ఉంటుందని వాళ్ళ ఉద్దేశం. మధ్యవారు తప్పు ఎత్తి ఉంటే ఆ తప్పు ఇప్పుడు వీళ్ళ ఖాతాలో పడుతుంది. "ఫలానావారి ఫలానా పుస్తకంలో, ఇన్నో పుటలో ఉదాహరించినది" అని రాయడానికి సిగ్గెందుకు?

దీనికి నేను తరచూ చెప్పే ఉదాహరణ బ్రౌణ్య నిఘంటువు. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మొదట అచ్చయింది 1852లో. పిల్లలకు ఆ సంవత్సరం తెలుసు కాబట్టి "బ్రౌన్, 1852" అని వేస్తారు. వాళ్ళు చూసింది మాత్రం ఇంటర్నెట్‌లో. అక్కడ మామూలుగా దొరికేది 1903 నాటి రెండో కూర్పు. బ్రౌన్ పోయిన చాలా ఏళ్ళకు ఇతరులు సవరించి తెచ్చినది. ఒక మాట అర్థం పంతొమ్మిదో శతాబ్దం నడుమ ఎలా ఉండేదో తేల్చాలనుకునేవాడికి ఈ అర్ధశతాబ్దం చిన్న తేడా కాదు.

7. పల్లెలో పాడిన మనిషికీ పేరుంటుంది. జానపద విభాగం థీసిస్‌లలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది "ఒక వృద్ధురాలు పాడినది" అన్న పాదసూచిక. ప్రొఫెసర్ మాట ఎత్తితే పేరు, డిగ్రీ, పుట సంఖ్య అన్నీ ఉంటాయి. నాట్లు వేస్తూ గంటసేపు పాడి, మధ్యలో ఆగి పదాలకు అర్థం కూడా చెప్పిన మనిషి మాత్రం ఒక వృద్ధురాలు! పేరు, వయసు, ఊరు, మండలం, పాడిన తేదీ, పాట ఆమెకు ఎవరి దగ్గర వచ్చిందో, ఇవన్నీ పాదసూచికలో ఉండాలి. "మా అత్త దగ్గర నేర్చుకున్నా" అని ఆమె చెబితే ఆ అత్తది ఏ ఊరో కూడా అడగమనండి. పాట ఏ ప్రాంతం నుంచి నడిచి వచ్చిందో ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోవచ్చు. పేరు వెయ్యొద్దని ఆమె అంటే వెయ్యకూడదు, అప్పుడు ఊరు పేరు చాలు. కానీ అడిగి వదిలేయడం వేరు, అడగకుండా వదిలేయడం వేరు.

8. "ఇదంతా పాశ్చాత్యుల పద్ధతి కదా సార్, మనకెందుకు?" అని మా శాఖలో ఒక కుర్రాడు సహోద్యోగిని అడిగాడు. ఆయన నా గదికి పంపించాడు. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసుకుని వ్యాఖ్యానాలకు కూచున్న కొలచాల మల్లినాథ సూరిది మన మెదక్ సీమ, ముందు అది చెప్పాను. తర్వాత బీరువాలోంచి వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రబంధ రత్నావళి తీసి చేతిలో పెట్టాను. 1918లో వచ్చిన పుస్తకం. అందులో ఉన్నవి చాలామట్టుకు మనకు పూర్తిగా దక్కని కావ్యాల్లోని పద్యాలు. తాటాకు పుచ్చిపోయింది, కావ్యం పోయింది, పద్యం మాత్రం మిగిలింది. ఎలా మిగిలింది? పెదపాటి జగన్నాథకవి లాంటి సంకలనకర్త ఎవరో ఒకరు మంచి పద్యాలు ఏరి పెట్టుకుంటూ, ఇది ఫలానా కవి ఫలానా కావ్యంలోది అని రాసి పెట్టారు కాబట్టి. లక్షణ గ్రంథాలు రాసినవాళ్ళూ అంతే. యతికో ప్రాసకో లక్ష్యం చూపిస్తూ కవినీ కావ్యాన్నీ చెప్పారు. ఆ ఒక్క పంక్తి ఆధారంగానే కొందరు కవులు ఉండేవారని సాహిత్య చరిత్రకు తెలిసింది. పేరు రాయకుండా పద్యం ఒక్కటే ఎత్తి ఉంటే, అదీ ఓ చాటువైపోయి శ్రీనాథుడి ఖాతాలోనో తెనాలి రామకృష్ణుడి ఖాతాలోనో పడి ఉండేది. కుర్రాడు పుస్తకం పట్టుకెళ్ళాడు. నెల దాటినా తిరిగివ్వలేదు. నేనూ అడగలేదు.

9. సాఫ్ట్‌వేర్ శాతాన్ని నమ్ముకోకండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 40 దాకా ఉంటే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి, 60 దాకా అయితే ఏడాది ఆగాలి, అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. దీంతో విద్యార్థి దృష్టంతా తొమ్మిది శాతానికి దించడం మీదికి పోయింది. దించడమంటే క్రియ మార్చడం, కర్తను అటు తిప్పడం. ఆలోచన ఎవరిదో ఆ అంకె చెప్పదు. ఇక వరసగా 14 మాటల దాకా కలిస్తే కాకతాళీయంగా తీసుకోవచ్చని ఒక వెసులుబాటు ఉంది. ఇంగ్లీషులో 14 మాటలంటే సగం వాక్యం. తెలుగులో 14 మాటలతో రెండు వాక్యాలు పూర్తి చేసి మూడోది మొదలుపెట్టొచ్చు. పైగా అను ఫాంట్లలో టైపు చేసిన థీసిస్‌ను సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే, అది చదివేది తెలుగే కాదు, ఏవో రోమన్ గుర్తుల చెత్త. దాంతో ఏమీ కలవదు. సున్నా శాతం వచ్చిందని మురిసిపోతే మన ఖర్మ. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళ శోధగంగలో అదే అంశం మీద వచ్చిన పాత థీసిస్‌లు ఉంటాయి. గైడే ఓ సాయంత్రం కూచుని తిరగేయాలి.

10. లేని పుస్తకాలు వస్తున్నాయి. ఏఐని అడిగితే ఉన్న రచయిత పేరు మీద లేని పుస్తకం, దానికి ప్రచురణకర్త, సంవత్సరం, పుట సంఖ్యతో సహా ఇస్తుంది. చూడ్డానికి మనం రాసినదానికంటే శుభ్రంగా ఉంటుంది. గ్రంథసూచిలోంచి కళ్ళు మూసుకుని ఓ ఐదు ఎంచి, "ఈ ఐదూ రేపు తీసుకురా, లేదా ఎక్కడ చూశావో ఫోటో చూపించు" అనండి. చూసినవాడు అరగంటలో తెస్తాడు.

11. చివరి ప్రతి అయ్యేదాకా పాదసూచికల్లో "పైదే" అని రాయనివ్వకండి. అధ్యాయాలు అటూఇటూ మారుతుంటాయి, మధ్యలో కొత్త సూచిక వచ్చి కూచుంటుంది, "పైదే" వేరే పుస్తకాన్ని చూపించడం మొదలుపెడుతుంది. ప్రతిసారీ రచయిత పేరు, పుస్తకం పొట్టి పేరు, పుట రాసుకోమనండి. పుస్తకం బరువెక్కితే ఎక్కనివ్వండి.

డీటీపీ దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. అను నుంచి యూనికోడ్‌కి మార్చేటప్పుడు పైన చిన్నగా ఉండే సూచిక అంకెలు ఒక్కోసారి మామూలు అంకెలైపోయి వాక్యంలో కలిసిపోతాయి. "1909లో" అన్న మాటలో 1909 పక్కన 3 వచ్చి చేరితే "19093లో" అవుతుంది. ప్రూఫు రెండుసార్లు చూడాలి. ఒకసారి వాక్యాల కోసం, ఒకసారి అంకెల కోసం మాత్రమే. రెండోసారి ఇద్దరు కూచుని, ఒకరు పాఠంలోని అంకె చదువుతుంటే ఇంకొకరు అడుగున సూచికకు టిక్కు పెట్టాలి. డీటీపీ ఆపరేటర్‌ని మాత్రం ఏమీ అనకండి. ఆయనకు ఆ రోజు ఇంకో మూడు పెళ్ళి కార్డులు ఉంటాయి.